డబ్బులు పాసు పుస్తకానికి, దుక్కి కౌలు రైతుకి: రైతు భరోసా లెక్క అసలు ఎలా నడుస్తుందంటే

2025 జూన్‌లో మా ఊళ్లో ఉన్నాను, తెలంగాణలో మధిర దగ్గర, ఏపీ సరిహద్దు మా చేల అవతలే. పొద్దున్నే టీ కొట్టు దగ్గర కూర్చుంటే ఒకళ్ల తర్వాత ఒకళ్ల ఫోన్లు టింగు టింగుమంటున్నాయి, రైతు భరోసా పడుతోంది. ముందు తక్కువ భూమి ఉన్నోళ్లకి, తర్వాత ఎక్కువ ఉన్నోళ్లకి, అలా వరసలో వేస్తారు కాబట్టి ఎవరికి పడింది ఎవరికి పడలేదు అన్నదాన్ని బట్టి ఎవరికెంత భూమి ఉందో కొట్టు దగ్గర కూర్చుంటేనే తెలిసిపోతుంది. మా బాబాయ్‌కి కూడా మెసేజ్ వచ్చింది, పన్నెండు వేలు. సొంతం రెండెకరాలు, ఎకరానికి 6,000, లెక్క సరిపోయింది. కానీ ఆయన చేసేది ఆరెకరాలు, మిగతా నాలుగు కౌలు. ఆ నాలుగెకరాల 24,000 అదే వారంలో హైదరాబాద్‌లో ఉన్న ఓనర్ ఖాతాలో పడ్డాయి. ఆయన చేలోకి వచ్చి ఎన్నేళ్లయిందో బాబాయ్‌కి కూడా గుర్తులేదు.

ఇది చూసి కోపం తెచ్చుకోవడం తేలికే గానీ, ఇలా ఎందుకు జరుగుతోంది అన్నది నాకు చాలా రోజులు సరిగ్గా అర్థం కాలేదు. బాబాయ్ కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాక మెల్లగా అర్థమైంది, అదే ఇక్కడ విప్పి చెప్పాలని రాస్తున్నా. ఒక్క ముక్కలో చెప్పాలంటే ప్రభుత్వం డబ్బు వేసేది రైతుకి కాదు, పట్టాకి. పట్టా ఉన్నోడూ పంట వేసేవాడూ ఒకడే అయితే ఏ సమస్యా లేదు, ఇద్దరూ వేరైతేనే మొత్తం చిక్కంతా.

ముందు ఏ పథకం ఏంటో చూద్దాం, ఎందుకంటే పేర్లు మారీ మారీ జనం బాగా కలిపేసుకుంటున్నారు. తెలంగాణలో 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర రైతుబంధు మొదలైంది, అప్పుడు ఎకరానికి సీజన్‌కి 4,000, చెక్కుల రూపంలో చేతికిచ్చారు. తర్వాత ఏడాది 5,000 చేశారు, చెక్కులు పోయి నేరుగా ఖాతాలోకి వచ్చింది. ప్రభుత్వం మారాక పేరు రైతు భరోసా అయింది, 2025 జనవరి 26 నుంచి సీజన్‌కి 6,000, అంటే ఏడాదికి ఎకరానికి 12,000. ఎన్నికలప్పుడు చెప్పింది 15,000, కౌలు రైతులకి కూడా అన్నారు, ఇచ్చేటప్పటికి 12,000 పట్టాదారులకే అయింది. మధ్యలో 2024 వానాకాలం డబ్బులు అసలు పడనే లేదు, అది కూడా గుర్తుంచుకోవాలి.

ఏపీలో కథ వేరు. 2019 అక్టోబర్‌లో మొదలైన వైఎస్సార్ రైతు భరోసా కింద కుటుంబానికి ఏడాదికి 13,500, అందులో 6,000 కేంద్రం పీఎం కిసాన్‌వే. ఇప్పుడు అన్నదాత సుఖీభవ పేరుతో 20,000, అందులో కూడా 6,000 కేంద్రానివే, రాష్ట్రం కలిపేది 14,000. 2025 ఆగస్టు 2న మొదటి విడత 5,000కి కేంద్రం 2,000 కలిపి 7,000 వేశారు, 46 లక్షల పైచిలుకు రైతులకి. పీఎం కిసాన్ సంగతి అందరికీ తెలిసిందే, ఏడాదికి మూడు సార్లు రెండేసి వేలు.

ఇప్పుడు ఇక్కడ ఒక పెద్ద తేడా ఉంది, చాలామంది పట్టించుకోరు. తెలంగాణ డబ్బు ఎకరానికి ఇంత అని ఇస్తుంది, ఏపీ, కేంద్రం ఇంటికి ఇంత అని ఇస్తాయి. మా ఊరు సరిహద్దు కాబట్టి ఈ తేడా మాకు కళ్ల ముందే కనిపిస్తుంది. గట్టుకి ఇటు ఎకరం ఉన్న ఇంటికి 12,000, పీఎం కిసాన్ 6,000, మొత్తం 18,000. గట్టుకి అటు అదే ఎకరం ఉన్న ఇంటికి 20,000. ఇక్కడిదాకా అటువాళ్లదే కాస్త ఎక్కువ. అదే పదెకరాలు తీసుకోండి, ఇటు 1,20,000 ప్లస్ 6,000, అటు మళ్లీ అదే 20,000. ఎకరం ఏడు గుంటల (ఎకరానికి నలభై గుంటలు) దగ్గర అటూ ఇటూ సమానం అవుతుంది, అక్కణ్ణుంచి భూమి పెరిగే కొద్దీ తెలంగాణ పట్టాదారుకి పెరుగుతూ పోతుంది. భూమి ఎక్కువున్నోడికి ఎక్కువ డబ్బు ఇవ్వడం న్యాయమా అని అడిగితే, పెట్టుబడి సాయం అన్నారు కాబట్టి ఎక్కువ ఎకరాలకి ఎక్కువ పెట్టుబడి అవుతుంది కదా అంటారు. ఆ మాట నేను ఒప్పుకుంటా, కానీ పెట్టుబడి పెట్టేవాడికి ఇస్తేనే అది పెట్టుబడి సాయం అవుతుంది. పెట్టనివాడికి ఇస్తే అది భూమి ఉన్నందుకు వచ్చే పెన్షన్ లాంటిది.

మరి పట్టాదారుకే ఎందుకు వెళ్తోంది? దీనికి జవాబు పట్టాదారు పాసు పుస్తకంలో ఉంది. 2017 చివర్లో తెలంగాణలో భూ రికార్డుల ప్రక్షాళన చేశారు, కొత్త పాసు పుస్తకాలు ఇచ్చారు, రైతుబంధు ఆ లిస్టు మీదే నిలబడింది. పాత పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో, పట్టాదారు కాలమ్ పక్కన అనుభవదారు అని ఇంకో కాలమ్ ఉండేది, అంటే భూమి ఎవరి పేరున ఉంది, ఎవరు సాగు చేస్తున్నారు అని రెండూ రాసేవాళ్లు. 2020లో కొత్త చట్టం, ధరణి అనే భూ రికార్డుల పోర్టల్ వచ్చాక ఆ సాగుదారు కాలమ్ తీసేశారు. కాలమ్ పోయాక కౌలు రైతు కాగితం మీద ఎక్కడా లేకుండా పోయాడు, కంప్యూటర్‌లో లేని మనిషికి కంప్యూటర్ డబ్బులు వేయదు కదా. డబ్బులు ఎలా వెళ్తాయంటే, ఒక తేదీ నాటికి రెవెన్యూ వాళ్ల దగ్గర ఉన్న పట్టాదారుల లిస్టు వ్యవసాయ శాఖకి వస్తుంది, ఏఈవోలు, అంటే వ్యవసాయ విస్తరణ అధికారులు, దానికి బ్యాంకు ఖాతాలు జత చేస్తారు, ట్రెజరీ నుంచి నేరుగా ఖాతాలోకి. మధ్యలో ఎవడూ చేను దగ్గరికి వెళ్లి ఎవరు దున్నుతున్నారు అని చూడాల్సిన పనే లేదు. అందుకే అంత వేగంగా పడుతుంది కూడా, మధ్యవర్తి లేడు, లంచం లేదు, ఈ పద్ధతిలో ఉన్న మంచి అది, దాన్ని నేను తక్కువ చేయను. మా నాయనమ్మ ఎవరికీ రూపాయి ఇవ్వకుండా తన డబ్బు తాను తీసుకున్న మొదటి పథకం ఇదే.

2025 ఏప్రిల్ నుంచి ధరణి పోయి భూభారతి వచ్చింది, రికార్డు తప్పులు సరిచేసుకునే దారి కొంచెం తెరుచుకుంది. కానీ రైతు భరోసా లిస్టు మాత్రం ఇప్పటికీ పట్టాదారుదే. ఒక మంచి పని ఏం చేశారంటే గుట్టలు, మైనింగ్ భూములు, రియల్ ఎస్టేట్ వెంచర్లు, రోడ్ల కింద పోయిన భూములు తీసేస్తామని చెప్పారు, ముందు వాటికి కూడా ఎకరానికి ఇంత అని పడేది. అంటే సాగుకి పనికొచ్చే భూమా కాదా అన్నది చూడ్డం మొదలైంది, ఆ సాగు చేసేది ఎవరన్నది ఇంకా చూడట్లేదు.

పీఎం కిసాన్ విషయంలో ఇంకొన్ని మెలికలు ఉన్నాయి, అవి కూడా చెప్పేస్తా, ఎందుకంటే ఊళ్లో సగం మంది నాకెందుకు ఆగింది అని అడిగేది దీని గురించే. 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి పేరు మీద ఉండాలి, ఆ తర్వాత కొనుక్కుంటే రాదు, వారసత్వంగా వస్తే మాత్రం వస్తుంది. భార్యాభర్తలకి చెరో పట్టా ఉన్నా ఇంటికి ఒక్కటే. ఇంట్లో ఎవరైనా ఇన్‌కం టాక్స్ కట్టినా, ప్రభుత్వ ఉద్యోగం ఉన్నా, పదివేలు, ఆ పైన పెన్షన్ ఉన్నా రాదు, క్లాస్ ఫోర్ వాళ్లకి మినహాయింపు. ఈకేవైసీ చేయించకపోతే ఆగుతుంది, ఖాతాకి ఆధార్ లింకు సరిగ్గా లేకపోతే డబ్బు వెళ్లి వెనక్కొస్తుంది. మా వీధిలో ఒకావిడకి డబ్బు రెండేళ్లుగా పడుతూనే ఉంది, కానీ ఎప్పుడో డ్వాక్రాలో తెరిచిన పాత ఖాతాలో పడుతోంది, ఆధార్ దానికి లింకై ఉంది, ఆవిడకి ఆ సంగతే తెలీదు. కొత్త ఖాతా పుస్తకం పట్టుకుని తిరుగుతూనే ఉంది పాపం. తాత పేరున పట్టా ఉండిపోయి తాత చనిపోతే విరాసత్ చేయించుకునే దాకా, అంటే వారసుల పేరు మీదకి మార్పించుకునే దాకా, ఏదీ రాదు, ఇది రెండు రాష్ట్రాల్లోనూ ఉన్న ఇబ్బందే.

సరే, మళ్లీ బాబాయ్ దగ్గరికి వద్దాం. పత్తి చేనుకి ఎకరానికి 15,000 కౌలు, నాలుగెకరాలకి 60,000, సగం ఉగాదికి ముందే కట్టాలి. పత్తి విత్తనాల పాకెట్ 900 దాటింది, ఎకరానికి రెండు. ఎరువులు, మందులు, కలుపు కూలీ, పత్తి తీత కూలీ అన్నీ ఆయనవే. ఓనర్‌కి కౌలు 60,000, రైతు భరోసా ఏడాదికి 48,000, మొత్తం లక్షా ఎనిమిది వేలు, వాన పడినా పడకపోయినా వస్తాయి. బాబాయ్‌కి పంట పండితేనే. పండినా పత్తి ధర ఏమవుతుందో తెలీదు. పోనీ ఓనర్‌కి భరోసా వస్తుంది కాబట్టి కౌలు తగ్గించాడా అంటే అది జరగలేదు, మా వైపు ఎవరూ తగ్గించినట్టు నేను వినలేదు.

డబ్బు ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. పాసు పుస్తకం లేకపోతే దాని వెనక ఒక దాని తర్వాత ఒకటి అన్ని తలుపులూ మూసుకుంటాయి. బ్యాంకులో పంట రుణం 3 లక్షల దాకా, టైముకి కడితే నాలుగు శాతం వడ్డీకే వస్తుంది, కానీ పాసు పుస్తకం చూపించాలి. కౌలు భూమి మీద బాబాయ్ తెచ్చేది నూటికి రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం. 2024లో 2 లక్షల రుణమాఫీ చేశారు, మంచిదే, కానీ బ్యాంకు అప్పుకే మాఫీ, వడ్డీ వ్యాపారి అప్పుకి ఎవరు మాఫీ చేస్తారు. కొనుగోలు కేంద్రంలో వడ్లు అమ్మాలన్నా పట్టాదారు కాగితం అడుగుతారు, ఓనర్ మంచివాడైతే ఇస్తాడు, లేకపోతే దళారికే. 2025లో యూరియా కోసం లైన్లలో చెప్పులు పెట్టి నిలబడ్డ రోజుల్లో కూడా పాసు పుస్తకం జిరాక్సులు అడిగారు.

అన్నిటికన్నా బాధ పెట్టేది రైతు బీమా. 2018 ఆగస్టు 15 నుంచి ఉంది, 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా ఇంటికి 5 లక్షలు, ప్రీమియం మొత్తం ప్రభుత్వమే కడుతుంది. గుంట భూమి పేరు మీద ఉన్నా వస్తుంది. నిజంగా గొప్ప పథకం, ఎన్నో ఇళ్లని నిలబెట్టింది. కానీ సెంటు భూమి లేకుండా పదెకరాలు కౌలు చేసి అప్పుల్లో మునిగి పురుగుల మందు తాగినవాడి ఇంటికి అందులో రూపాయి రాదు. చేలో చనిపోయిన మనిషి రైతు అవునా కాదా అన్నది ఆయన పేరున ఉన్న గుంటల్ని బట్టి తేలుతోంది, ఇది నాకు మింగుడు పడదు.

పట్టా అక్కర్లేకుండా కౌలు రైతుకి చేరే సాయం ఏదైనా ఉందా అంటే ఉంది. యూరియా 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు, అసలు ఖర్చు దానికి ఎన్నో రెట్లు, ఆ తేడా కేంద్రం భరిస్తుంది, ఎవడు కొంటే వాడికే ఆ లాభం. ఉచిత కరెంటు కూడా అంతే, మోటారు ఎవరు ఆన్ చేస్తే వాళ్ల పొలం తడుస్తుంది. సన్న వడ్లకి క్వింటాకి 500 బోనస్ ఇస్తున్నారు, అది కూడా వడ్లు అమ్మినోడికి, కాకపోతే అమ్మేటప్పుడు కాగితం ఎవరిది అన్న గొడవ మళ్లీ వస్తుంది. అంటే వస్తువు మీద, పంట మీద ఇచ్చే సబ్సిడీ సాగు చేసేవాణ్ణి వెతుక్కుంటూ వెళ్తుంది, భూమి మీద ఇచ్చేది పట్టాని వెతుక్కుంటూ వెళ్తుంది.

ఇక చట్టాల సంగతి. చట్టం లేక కాదు ఇదంతా. ఉమ్మడి రాష్ట్రంలోనే 2011లో లైసెన్స్‌డ్ సాగుదారుల చట్టం తెచ్చారు, దాని కింద కౌలు రైతులకి ఏడాదికి పనికొచ్చేలా రుణ అర్హత కార్డులు ఇచ్చేవాళ్లు, బ్యాంకు అప్పు, పంట నష్టం పరిహారం దాంతో వచ్చే వీలుండేది. తెలంగాణలో రైతుబంధు వచ్చాక ఆ కార్డుల ఊసే పోయింది, కౌలు అనేది ఓనర్‌కీ రైతుకీ మధ్య సంగతి, ప్రభుత్వం తలదూర్చదు అన్నది అప్పటి ప్రభుత్వ మాట. ఏపీలో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చి సీసీఆర్సీ కార్డులు ఇస్తున్నారు, పదకొండు నెలలకి చెల్లుతుంది, భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకి 13,500 రాష్ట్రమే ఇచ్చింది. కాగితం మీద చూస్తే ఏపీ నయం. కానీ ఆ కార్డుకి ఓనర్ సంతకం కావాలి, అక్కడే బండి ఆగిపోయింది.

ఓనర్లు సంతకం ఎందుకు పెట్టరు అని అటు ఊళ్లో నాకు తెలిసిన ఒక కౌలు రైతుతో కలిసి ఒకాయన ఇంటికి వెళ్లా. ఆయన కాఫీ ఇచ్చి మర్యాదగానే మాట్లాడాడు, ఫారం తీసుకుని రెండు వైపులా తిప్పి చూశాడు, జేబులోంచి పెన్ను తీశాడు కూడా, మళ్లీ క్యాప్ పెట్టేశాడు. "వీడి మీద నాకు నమ్మకం ఉంది అబ్బాయ్, రేపు వీడి కొడుకు వచ్చి మాదే భూమి అంటే ఏం చేయను" అన్నాడు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు, 1950ల నాటి కౌలుదారీ చట్టాలు, తెలంగాణ వైపు రక్షిత కౌలుదారులకి యాజమాన్య హక్కు ఇచ్చిన 38-ఈ సర్టిఫికెట్లు ఇవన్నీ పెద్దవాళ్ల జ్ఞాపకంలో ఉన్నాయి, కొంతమంది భూములు నిజంగానే అలా చేతులు మారాయి. పదకొండు నెలల కార్డుతో యాజమాన్య హక్కు రాదు అని చట్టంలో ఉన్నా భయం పోదు. రెండో కారణం ఆయన నోటితో చెప్పలేదు గానీ తర్వాత తెలిసింది, ఆ సర్వే నంబరు మీద ఆయన ఆల్రెడీ పంట రుణం తీసుకున్నాడు, బంగారం పెట్టక్కర్లేని తక్కువ వడ్డీ డబ్బు కదా. కౌలు రైతు అదే భూమి మీద కార్డు పట్టుకుని బ్యాంకుకి వెళ్తే ఇద్దరికీ ఇవ్వరు, ఒకళ్లది ఆగాలి. మూడోది పంట నష్టం పరిహారం, అది ఎవరి పేరున నమోదైతే వాళ్లకే.

ఒక మాట ఓనర్ల వైపు నుంచి కూడా చెప్పాలి. కౌలుకి ఇచ్చే అందరూ హైదరాబాద్‌లో ఉండే ఉద్యోగస్తులు కాదు. మా ఊళ్లో భర్త పోయి, కొడుకు డ్రైవర్‌గా ఎటో వెళ్లిపోయి, ఎకరంన్నర కౌలుకి ఇచ్చి బతికే ముసలావిడ ఉంది, ఆవిడకి సీజన్‌కి పడే 9,000 బీపీ, షుగర్ మందులకే సరిపోతాయి. ఆ డబ్బు తీసేసి కౌలు రైతుకి ఇచ్చెయ్యండి అని నేను అనలేను. అందుకే ఒకళ్ల దగ్గర లాక్కుని ఇంకొకళ్లకి ఇచ్చే పద్ధతి కాకుండా, ఎక్కువ ఎకరాలున్న చోట ఒక హద్దు పెట్టి, ఆ మిగిలిన డబ్బు సాగుదారుకి మళ్లిస్తే బాగుంటుందని నా అభిప్రాయం.

తెలంగాణలో రైతు స్వరాజ్య వేదిక వాళ్లు 2022లో చేసిన సర్వేలో చూసిన రైతుల్లో ముగ్గురిలో ఒకరి కన్నా ఎక్కువే కౌలు రైతులు. ఏపీలో డెల్టా జిల్లాల సంగతి చెప్పక్కర్లేదు, ఊళ్లకి ఊళ్లు కౌలు మీదే నడుస్తున్నాయి. ఇంతమందిని గుర్తించడం కష్టం అంటారు, కానీ ఒడిశా కాలియా పథకంలో భూమి లేని సాగుదారుల్ని కలిపారు, బెంగాల్‌లో రికార్డైన బర్గాదార్లకి, అంటే పాలుకి సాగు చేసేవాళ్లకి, కృషక్ బంధు ఇస్తున్నారు. మన దగ్గర అయితే సమాచారం ఇప్పటికే ఉంది. ఏపీలో ఈ-పంట నమోదులో ఎవరు వేశారు, ఏం వేశారు అని ప్రతి సీజన్‌లో ఎక్కిస్తున్నారు, తెలంగాణలో ఏఈవోలు పంటల నమోదు చేస్తున్నారు. ఆ నమోదులో సాగుదారు పేరు సరిగ్గా రాస్తే, గ్రామసభలో చదివి వినిపిస్తే, ఊళ్లో ఎవరి చేను ఎవరు చేస్తున్నారో దాచడం ఎవరి వల్లా కాదు. దొంగ పేర్లు ఎక్కుతాయి అన్న భయం నిజమే, రాజకీయ నాయకుల మనుషులు ముందు వరసలో ఉంటారు, అందుకే మూసిన గదిలో కాకుండా ఊరి ముందు చదవాలి అంటున్నా.

2025లో తెలంగాణ ఇందిరమ్మ ఆత్మీయ భరోసా అని భూమి లేని కూలీ కుటుంబానికి ఏడాదికి 12,000 అని మొదలుపెట్టింది, 2023-24లో ఉపాధి హామీ పని కనీసం ఇరవై రోజులు చేసుండాలి. ఇక్కడ కూడా మధ్యలో ఇరుక్కున్నది అదే మనిషి. అర ఎకరం సొంతం ఉండి ఐదెకరాలు కౌలు చేసేవాడు భూమి లేనివాడు కాదు కాబట్టి ఆ 12,000 రాదు, రైతు భరోసా కింద సీజన్‌కి 3,000 వస్తుంది. సెంటు లేని కౌలు రైతు వానాకాలం మొత్తం చేలో ఉండి ఉపాధి పనికి వెళ్లకపోతే అదీ రాదు.

కౌలు చేస్తున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఏపీ వైపు ఉన్నవాళ్లు సీసీఆర్సీ దొరక్కపోయినా ఈ-పంటలో సాగుదారుగా మీ పేరు ఎక్కించమని రైతు సేవా కేంద్రంలో గట్టిగా అడగండి, ఎక్కాక ఈకేవైసీ చేయించి రసీదు దాచుకోండి. తెలంగాణ వైపు వాళ్లు ఏఈవో పంట నమోదుకి వచ్చినప్పుడు చేలోనే ఉండండి, ఫోన్లో చెప్తే పట్టాదారు పేరే రాసుకుని వెళ్లిపోతారు. వడ్లు అమ్మేముందే ఓనర్ దగ్గర కాగితం రాయించుకోండి, కోతల టైములో ఫోన్ ఎత్తరు.

బాబాయ్ హైదరాబాద్ ఓనర్‌కి నేనే ఫోన్ చేశా, అన్నా, భరోసాలో సగమన్నా కౌలులో తగ్గించొచ్చు కదా అని. ఆలోచిద్దాం తమ్ముడూ అన్నాడు. ఉగాదికి కౌలు మాట్లాడుకోడానికి ఊరొచ్చాడు, అరుగు మీద కూర్చుని బాబాయ్ ఇచ్చిన పచ్చడి తాగాడు, చేను వైపు మాత్రం వెళ్లలేదు. పక్కూళ్లో పదిహేడు నడుస్తోందట కదా అన్నాడు. బాబాయ్ కాసేపు నేల వంక చూసి సరే అన్నాడు.

ఇప్పుడు ఎకరం 17,000.